ది పర్ఫెక్ట్ మదర్ (నవల)

అమెరికన్ రచయిత్రి ఎయిమీ మొల్లోయ్ రాసిన సస్పెన్స్ థ్రిల్లర్. 2018లో వెలువడింది. కథాస్థలం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్.

కథ: మే నెలలో కాన్పయిన తల్లులు ‘మే మదర్స్’ బృందంగా పార్కులో కలుసుకుంటుంటారు. జులై 4 రాత్రి వారంతా సరదాగా బార్‌కు వెళ్తారు. ఒంటరి తల్లి విన్నీ మాటిమాటికీ ఫోన్‌లోని ఓ యాప్‌ ద్వారా ఇంట్లోని బిడ్డను చూసుకుంటుంటే, బృందంలోని నెల్ ఆ యాప్‌ను తొలగిస్తుంది. ఆ రాత్రే ఊయలలోని విన్నీ పసివాడు మైడస్ మాయమవుతాడు. నెల్, బృందంలోని మరో ఇద్దరు తల్లులు కొలెట్, ఫ్రాన్సీ వెతుకులాట మొదలుపెడతారు.

విశేషాలు: పాలు చాలడం లేదన్న బెంగ, పసిబిడ్డను వదిలి ఉద్యోగానికి వెళ్లాల్సిన అవస్థ, మీడియా నిందలు కథలో కీలకం. నేరపరిశోధనకు దీటుగా బాలింతల మనోవేదననూ చిత్రించడమే ఈ నవల బలం.