ఫోన్ల మధ్య నేరుగా నెట్‌వర్క్

సెల్ టవర్, ఇంటర్నెట్ లేకుండా దగ్గరలోని మొబైల్ ఫోన్లు బ్లూటూత్, వై-ఫై డైరెక్ట్ ద్వారా నేరుగా కలుసుకునే ఏర్పాటు. సంప్రదాయ బ్లూటూత్‌లో ఒక పరికరం పెత్తనం కింద ఒకేసారి ఏడు మాత్రమే చురుగ్గా పనిచేస్తాయి; ఈ గుంపు పికోనెట్. ఒకే ఫోన్ రెండు గుంపుల్లో ఉంటే అది వాటి మధ్య వంతెన, అలా కలిసిన గుంపులు స్కాటర్‌నెట్. సందేశం ఫోన్ నుంచి ఫోన్‌కు చేతులు మారుతూ దూరం పోతుంది. దారిలోని వారు చదవకుండా దాన్ని సంకేతీకరించక తప్పదు. 2014 హాంకాంగ్ నిరసనల్లో ఫైర్‌చాట్ యాప్ ఇలాగే ప్రసిద్ధి పొందింది.

2021 నవంబరు వానలకు తిరుమల కొండకు వెళ్లే అలిపిరి మెట్లదారి వాగైంది, ఘాట్‌రోడ్లు మూసేశారు. అలాంటి వేళ టవర్లు పనిచేయకపోతే, భక్తులు కిక్కిరిసే ఈ శేషాచలం కొండలకు ఇలాంటి ప్రత్యామ్నాయం నిజంగా అవసరం.