పోతన 2000 (ఖతి)

పోతన 2000 తెలుగు లిపికి చెందిన ఒక యూనికోడ్ ఖతి (ఫాంటు). సన్నని, లావు గీతల కలయికతో కలంతో వ్రాసిన అక్షరాలను తలపించడం దీని ప్రత్యేకత. దీనిని రూపొందించినవారు అమెరికాలో స్థిరపడిన తెలుగు కవి తిరుమల కృష్ణ దేశికాచార్యులు. 15వ శతాబ్దంలో ఆంధ్ర మహాభాగవతాన్ని రచించిన బమ్మెర పోతన పేరును దీనికి పెట్టారు. దీనికి జంటగా వేమన 2000 అనే ఖతిని కూడా ఆయనే తయారు చేశారు.

గీతల తీరు

రోమన్ లిపిలో అక్షరాల కొసలకు చిన్న అడ్డగీతలు ఉండే శైలిని సెరిఫ్ అంటారు. 18వ శతాబ్దం చివరలో ఇటలీలో బొడోని, ఫ్రాన్సులో దిదో కుటుంబం వారు లావు గీతల పక్కన వెంట్రుకంత సన్నని గీతలు ఉండేలా అచ్చు అక్షరాలను చెక్కించారు. వోగ్, హార్పర్స్ బజార్ వంటి ఫ్యాషన్ పత్రికల పేర్లు ఈ కోవకు చెందిన అక్షరాలలోనే కనిపిస్తాయి.

తెలుగు అక్షరాలకు ఇటువంటి కొసలు లేవు. తలకట్టు చూడటానికి అలంకారం వలె ఉన్నా, అది అక్షరంలో భాగం. "క"లో తలకట్టు స్థానంలో గుడి వస్తే అది "కి" అవుతుంది. కాబట్టి తెలుగులో ఈ శైలీభేదం ముఖ్యంగా గీత మందంలోనే తెలుస్తుంది. పోతనలో ఒకే అక్షరంలో గీత మందం మారుతూ ఉంటుంది. వేమనలో దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. గూగుల్ వారి నోటో సెరిఫ్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు ఖతుల మధ్య ఉన్న తేడా కూడా ఇదే.

చదవడంలో సౌలభ్యం

కంప్యూటరు తెరపై అక్షరాలు చిన్న చిన్న చుక్కలతో (పిక్సెళ్ళతో) ఏర్పడతాయి. సన్నని గీత ఒక చుక్క కంటే తక్కువ మందం ఉంటే మసకబారుతుంది. అసలే చిన్నవిగా ఉండే వత్తులలో ఈ ఇబ్బంది ఎక్కువ. వత్తు పోల్చుకోలేకపోతే పదమే మారిపోతుంది. అందుచేత ఇటువంటి ఖతులు శీర్షికలకు, పద్యాలకు, శుభలేఖలకు, మంచి కాగితంపై ముద్రణకు బాగా నప్పుతాయి. తెరపై చిన్న అక్షరాలకు సమమందం గల ఖతులు అనువైనవి.

యూనికోడ్, లైసెన్సు

డీటీపీ రంగంలో విరివిగా వాడిన అను ఖతులు యూనికోడ్‌ను అనుసరించినవి కావు. వాటితో టైపు చేసిన పాఠ్యం ఆ ఖతి లేని కంప్యూటరులో అర్థం కాని గుర్తులుగా కనిపిస్తుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఆ పద్ధతిని అనుసరించడం వలన పోతనలో ఉన్న వ్యాసాన్ని వేమనలోకి గాని, విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమిలోకి గాని ఒక్క అక్షరం చెడకుండా మార్చవచ్చు.

పోతన, వేమన ఖతులు గ్నూ జీపీఎల్ లైసెన్సు క్రింద ఉచితంగా లభిస్తాయి. ఈ లైసెన్సు నియమాలకు లోబడి ఎవరైనా వాటిని వాడుకోవచ్చు, మార్చవచ్చు, పంచిపెట్టవచ్చు. ఈ వెసులుబాటు వలననే డెబియన్ వంటి లినక్స్ పంపిణీలలో ఇవి చేరాయి.