తీర గ్రామాల్లో పసిపిల్లల తొలి చదువు: నిజాంపట్నం ప్రాంతంలో ఇల్లు, అంగన్‌వాడీ, బడి

మూడేళ్ల వయసు నుంచి రెండో తరగతి పూర్తయ్యేలోగా పిల్లలకు ఏం వంటబట్టిందన్న దాని మీదే తర్వాతి చదువు చాలావరకు ఆధారపడి ఉంటుంది. 2020 జూలైలో వచ్చిన జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న ఈ కాలాన్ని పునాది దశగా గుర్తించింది. అందులో మూడేళ్లు అంగన్‌వాడీలోనో పూర్వ ప్రాథమిక తరగతుల్లోనో, రెండేళ్లు ఒకటి, రెండు తరగతుల్లోనూ గడవాలి. కాగితం మీద ఇది ఒకే దశ. చట్టం మాత్రం దీన్ని మధ్యకు కోసింది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ల లోపు వారి సంరక్షణను, విద్యను 45వ అధికరణం కింద ఆదేశిక సూత్రాల్లోనే ఉంచింది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా మూడేళ్లు దాటిన పిల్లలకు ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చు అన్నదే గాని, చేసి తీరాలనలేదు. పిల్లల ఎదుగుదలకు అత్యంత కీలకమైన ఏళ్లు ఇలా హక్కు పరిధికి బయట మిగిలిపోవడం చిన్న లోపం కాదు.

ఈ లోపం ఎలా కనిపిస్తుందో తెలుసుకోవడానికి నిజాంపట్నం తగిన ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చిన ఈ మండలం రేపల్లె రెవెన్యూ డివిజన్‌లో ఉంది. కృష్ణా డెల్టా చివర, మడ అడవులకు ఆనుకుని ఉన్న పాత రేవు ఇది. పదిహేడో శతాబ్దం ఆరంభంలోనే డచ్చివారు, ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. ఇప్పుడు ఊరి బతుకంతా హార్బరు, మరపడవలు, రొయ్యల చెరువులు, ఎండుచేపల చుట్టూ తిరుగుతుంది. మగవాళ్లు వేటకు వెళితే రోజుల తరబడి సముద్రంలోనే ఉంటారు. ఆడవాళ్లు తెల్లవారకముందే రేవుకు చేరి సరుకు కొని, గంపలు, టబ్బులు నింపుకుని ఊళ్ల మీదకు అమ్మకానికి బయలుదేరుతారు. పసిపిల్లల దగ్గర ఉండేది ఎక్కువగా నాయనమ్మో, అమ్మమ్మో, పదేళ్లైనా నిండని అక్కో. ఇంటి దగ్గర పిల్లలను చదివించండి అని తల్లిదండ్రులకు చెప్పే సలహాలు సాయంత్రం ఆరింటికి ఇంటికి చేరే ఉద్యోగస్థుల కుటుంబాన్ని ఊహించుకుని రాసినవి. ఈ ఊరి గడియారం వేరు.

అలాగని ఈ ఇళ్లలో చదువుకు పనికొచ్చేదేమీ లేదనుకుంటే అది పెద్ద పొరపాటు. చేపలు వేరుచేసే చోట తల్లి పక్కన కూర్చున్న నాలుగేళ్ల పిల్ల ఏం చూస్తుందో గమనిస్తే చాలు. నెత్తళ్లు ఒక కుప్ప, కానగంతలు ఒక కుప్ప, పీతలు వేరే బుట్టలోకి. వంజరం, చందువా దొరికితే అవి విడిగా, జాగ్రత్తగా. ఆకారాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి, వెలను బట్టి వస్తువులను విడదీయడం గణితానికి తొలి మెట్టు. పూర్వ ప్రాథమిక పాఠ్య ప్రణాళికల్లో వర్గీకరణ, క్రమంలో అమర్చడం అని రాసి ఉన్నది ఇదే. కుప్పల్లో ఏది పెద్దది, ఏది తక్కువ తూగుతుంది, ఇందులోంచి రెండు తీస్తే ఎన్ని మిగులుతాయి అని ఆ తల్లి అడిగితే దానివల్ల పని ఆగదు, అదనంగా ఖర్చూ ఉండదు. పిల్లను పనిలో పెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. జరుగుతున్న పని గురించి పిల్లతో మాట్లాడడమే. వామనగుంటల ఆటలో చింతగింజలు ఒక్కొక్కటిగా గుంటల్లో వేసుకుంటూ పోవడం, అష్టాచెమ్మాలో గవ్వలు వేసి గళ్లు లెక్కపెట్టడం కూడా ఇటువంటివే. ఒక వస్తువుకు ఒక అంకె అన్న సంబంధం చేతి వేళ్లకు తెలిశాకే పలక మీది అంకెకు అర్థం వస్తుంది. వంద దాకా గడగడా అప్పచెప్పే పిల్లవాడు ఏడు గింజలు తీసివ్వమంటే తడబడడానికి కారణం ఈ అనుభవం చాలకపోవడమే.

భాష విషయంలో తెలుగు లిపి ఒక ప్రత్యేక సమస్య తెచ్చిపెడుతుంది. ఇంగ్లీషు నేర్చుకునేవారికి 26 అక్షరాలు. తెలుగులో వర్ణమాలలోని యాభై పైచిలుకు అక్షరాలతో పని పూర్తికాదు. గుణింతాలు, ఒత్తులు కలిస్తే పిల్లలు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లోకి వెళతాయి. ఇదే తరహా లిపి ఉన్న కన్నడంలో సోనాలీ నాగ్ జరిపిన పరిశోధనలు, అక్షరాల మీద పట్టు రావడానికి ఒకటి రెండేళ్లు చాలవని, నాలుగైదు తరగతుల వరకూ ఆ నేర్పు సాగుతూనే ఉంటుందని చూపాయి. కాబట్టి అయిదేళ్లకే గుణింతాలన్నీ రాయించాలన్న తొందరకు ఆధారం లేదు. ముందు కావలసింది మాటల్లోని ధ్వనులను చెవి విడదీయగలగడం. ‘వల’, ‘అల’, ‘కల’, ‘తల’ అని వరుసగా పలికినప్పుడు చివర ఒకే ధ్వని ఉందని, మొదటిది మాత్రమే మారుతోందని పిల్ల కనిపెట్టిన రోజున చదవడం మొదలైనట్టు. నిజాంపట్నం పిల్లలకు వలను, అలను బొమ్మలో చూపించాల్సిన పని లేదు. కళ్లముందున్న వస్తువుల పేర్లతో మొదలుపెట్టి, ఆ పేర్లలోంచి అక్షరాన్ని బయటికి తీయడం ఇక్కడి టీచర్లకు అందుబాటులో ఉన్న సులువైన పద్ధతి.

రాతకు చేతిని సిద్ధం చేయడం కూడా ఈ తీరానికి కొత్త కాదు. వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. 1789 నుంచి మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్, ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే పద్ధతితో కలిపి దాన్ని 1797లో పుస్తకంగా ప్రచురిస్తే, అది మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండు బడుల్లో పాకింది. ఇసుక తప్పును నిలవనివ్వదు. చెరిపేసి మళ్లీ రాయవచ్చు. వేళ్లకింకా పట్టు రాని నాలుగేళ్ల చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల కాపీ పుస్తకం నింపించడం కన్నా ఇది అన్ని విధాలా మేలు. ఇంగ్లండు దాకా వెళ్లిన ఈ పద్ధతి ఇసుకకు కొదవలేని తీరంలో కాపీ పుస్తకానికి చోటిచ్చి తప్పుకోవడం బాధ కలిగించే విషయం.

తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే ఈ తొందరకు కారణం అర్థమవుతుంది. తాము పడ్డ కష్టం పిల్లలు పడకూడదన్న ఆశతో, వేట మీద వచ్చే నిలకడలేని రాబడిలోంచి ఫీజులు కట్టి ఎల్‌కేజీలో చేరుస్తారు. పుస్తకం నిండా రాత, నోటినిండా రైమ్స్ ఉంటే చదువు వస్తోందన్న నమ్మకం. ఏఎస్ఈఆర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సెంటర్, ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోని బాల్య విద్యా కేంద్రం కలిసి యునిసెఫ్ తోడ్పాటుతో చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. రాజస్థాన్, అస్సాం, తెలంగాణలలో నాలుగేళ్ల వయసున్న దాదాపు 14,000 మంది పిల్లలను ఎనిమిదేళ్లు వచ్చేదాకా అది గమనించింది. అయిదేళ్ల వయసులో చాలామంది బడికి సిద్ధంగా లేరని, ప్రైవేటు పూర్వ ప్రాథమిక బడులు ఒకటో తరగతి పాఠాలనే కిందికి దించి చెబుతున్నాయని, అంగన్‌వాడీల్లో చదువుకు దొరికే సమయం స్వల్పమని తేల్చింది. అంటే ఒకచోట వయసుకు మించిన చదువు, ఇంకోచోట చదువే అంతంతమాత్రం. ఫలితం తర్వాతి తరగతుల్లో బయటపడుతుంది. ఏఎస్ఈఆర్ 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో 16.3 శాతం ఉన్న లెక్క ఇంత పెరగడం సంతోషమే అయినా, నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారన్నది మరచిపోరాదు.

అంగన్‌వాడీ అన్న ఊహ మొదట చదువు కోసమే పుట్టింది. విద్యావేత్త గిజుభాయి బధేకాతో పనిచేసిన తారాబాయి మోదక్ మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, తర్వాత కోస్బాడ్‌లో, బడికి రాలేని పిల్లల దగ్గరకే బడిని తీసుకువెళ్లి వాకిళ్లలో పాఠాలు నడిపింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు అంగన్‌వాడీ అన్న పేరు దేశమంతటికీ వచ్చింది. పథకంలో పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పూర్వ ప్రాథమిక విద్య అన్నీ చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా ఉన్న కేంద్రాల్లో ఈ భారమంతా ప్రధానంగా ఒక టీచరు, ఒక ఆయా మీద ఉంది. గుడ్లు, పాలు, బాలామృతం లెక్కలు, బరువులు తూచడం, గర్భిణుల వివరాలు, 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదులు అన్నీ ముగిశాక మిగిలిన సమయమే పిల్లల పాఠానికి. ఈ సమస్యకు కచ్చితమైన జవాబు పక్క రాష్ట్రంలోనే దొరికింది. తమిళనాడులో 320 కేంద్రాలను తీసుకుని, కొన్నింటిలో పిల్లల చదువు కోసం సగం రోజు పనిచేసే మరో వ్యక్తిని నియమించి కార్తీక్ మురళీధరన్ తదితర ఆర్థికవేత్తలు పరిశీలించారు. పాఠానికి దొరికే సమయం రెట్టింపైంది. లెక్కల్లో, భాషలో పిల్లలు స్పష్టంగా ముందుకు వచ్చారు. పాత కార్యకర్తకు పోషణ పనికి తీరిక చిక్కడంతో పిల్లల్లో ఎదుగుదల లోపం కూడా తగ్గింది. రంగు గోడలు, కొత్త బల్లలు మంచివే. కానీ వాటికన్నా ముందు కొనవలసింది ఇంకొక మనిషి సమయం.

ఇంటి వైపు జరగవలసినదానికి ఆధారం జమైకాలో ఉంది. అక్కడ 1986–87లో ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలతో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఒక ప్రయోగం ప్రారంభించింది. శిక్షణ పొందిన స్థానిక ఆరోగ్య కార్యకర్తలు కొందరి ఇళ్లకు వారానికోసారి వెళ్లి, పనికిరాని డబ్బాలు, మూతలతో చేసిన ఆటవస్తువులతో పిల్లలతో ఎలా ఆడాలో, మాట్లాడాలో తల్లులకు చూపించారు. రెండేళ్లు అలా సాగింది. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, ఆ అవకాశం దొరకని వారికన్నా 25 శాతం ఎక్కువగా ఉంది. ఆ తల్లులకు పాఠం చెప్పే పని అప్పగించలేదు. అక్షరం రాని నాయనమ్మ కూడా చేయగలిగిన పని ఇది: కథ చెప్పి మధ్యలో ఆపి తర్వాత ఏమైందని అడగడం, పిల్ల ప్రశ్నకు ఊరుకోమనకుండా జవాబు చెప్పడం. అక్షరం వచ్చిన ఇంట్లో దీనికి తోడు రోజూ కాసేపు బిగ్గరగా చదివి వినిపించడం చేరాలి. ఈ ప్రాంతం ఆ విషయంలో దేశానికే దారి చూపింది. 1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి పిల్లల పత్రిక చందమామను ప్రారంభించిన చక్రపాణి, తర్వాత దశాబ్దాల పాటు దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ ఈ డెల్టాలోని తెనాలివారే. పెద్దవాళ్లు చదువుతుంటే పసివాళ్లు విని పెరగడానికి అనువైన తెలుగును ఆ పత్రిక ఇంటింటికీ చేర్చింది.

ఇంటినీ బడినీ కలపాలన్న ప్రయత్నాలు ప్రభుత్వం నుంచి లేకపోలేదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలు నుంచే పాల్గొన్నారు. రెండోది 2025 జూలై 10న జరిగింది. రెండు తేదీలూ వేట కాలంలోవే. సముద్రం మీదున్న తండ్రి రాలేడు. తూర్పు తీరంలో మరపడవలు, మోటారు పడవల వేటపై నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ రోజుల్లో తండ్రులు వలలు బాగుచేసుకుంటూ, పడవలకు రంగులు వేసుకుంటూ ఊళ్లోనే ఉంటారు. రాష్ట్రంలో బడులు వేసవి సెలవుల తర్వాత మామూలుగా జూన్ 12న తెరుస్తారు. అంటే ఒకటో తరగతిలో చేరబోయే పిల్లకు తండ్రి ఇంటిపట్టున దొరికేది సరిగ్గా బడికి ముందున్న ఆ రెండు నెలలే; బడి తెరిచిన రెండు మూడు రోజులకు అతను మళ్లీ వేటకు వెళతాడు. అంగన్‌వాడీ టీచరు, ఒకటో తరగతి టీచరు కలిసి కుటుంబాలతో కూర్చోవలసిన సమావేశాలు తీర గ్రామాల్లో మే నెలలో పెట్టాలి. టీచర్ల సెలవులకు అడ్డమన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ రోజులకు పరిహార సెలవు ఇస్తే సరిపోతుంది.

ఈ ఏర్పాట్లకు కూడా అందని పిల్లలున్నారు. రొయ్యల చెరువుల కాపలాకు గట్ల మీద పాకల్లో ఉండే కుటుంబాలకు ఊరు దూరం, అంగన్‌వాడీ దూరం. కాలువల్లో, మడల్లో పీతలు, రొయ్యలు పట్టుకుని జీవించే యానాది కుటుంబాలు పని ఉన్న చోటుకు మారుతుంటాయి. వీరి పిల్లల పేర్లు ఒక కేంద్రం రిజిస్టరులో ఉంటే పిల్లలు మరో ఊళ్లో ఉంటారు. పేరు ఎక్కడున్నా ఏ కేంద్రంలోనైనా కూర్చునే వీలు, చెరువు గట్ల దగ్గరకే వారానికి కొన్ని పూటలు వెళ్లే టీచరు, ఈ రెండూ వీరికి అవసరం. తారాబాయి మోదక్ చేసింది సరిగ్గా ఇదే.

అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి మారే ఘట్టంలో ఇంకో లంకె తెగిపోతుంది. రెండూ వేర్వేరు శాఖల కింద నడుస్తాయి కాబట్టి అంగన్‌వాడీ టీచరుకు మూడేళ్లుగా తెలిసిన పిల్ల, బడి టీచరుకు కొత్త. 2021 జూలైలో కేంద్ర పథకం నిపుణ్ భారత్‌తో పాటు వచ్చిన విద్యా ప్రవేశ్ కార్యక్రమం ఒకటో తరగతి మొదటి పన్నెండు వారాలు ఆటపాటలతో నడపాలంటుంది. 2020 నుంచి రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండడం వల్ల ఇంట్లోని పెద్దలు కూడా తెలుగు వైపు చూసి పిల్లతో మాట్లాడగలుగుతున్నారు. ఆ పన్నెండు వారాల్లో తెలుగు పేజీనే ముందు నడిపించాలి. పిల్ల ఏ కథలు చెప్పగలదు, ఎంతవరకు లెక్కపెట్టగలదు, ఏ మాటలు ఇంకా స్పష్టంగా పలకడం లేదు, ఇంట్లో దగ్గరుండి చూసేది ఎవరు అన్న నాలుగు విషయాలు ఒక కాగితం మీద రాసి అంగన్‌వాడీ టీచరు బడి తెరిచే రోజుకల్లా బడికి అందజేస్తే, ఒకటో తరగతి టీచరు ప్రతి పిల్లతోనూ ఎక్కడ మొదలుపెట్టాలో ముందే తెలుసుకుని తరగతిలోకి వెళ్లగలుగుతారు.