మిస్పా సభలో అడగని ప్రశ్న

హీబ్రూ ధర్మగ్రంథాల్లో దుర్మార్గం మీద సమాజమంతా తిరగబడ్డ సందర్భంగా న్యాయాధిపతుల గ్రంథం చివరి మూడు అధ్యాయాలను చూపేవాళ్లున్నారు. ఆ తిరుగుబాటు ఎవరి కోసమన్నదే నా సందేహం.

బెన్యామీను గోత్రపు ఊరు గిబియాలో రాత్రికి దిగిన ఒక లేవీయుడి ఉపపత్నిని దుండగులు తెల్లవార్లూ చెరిచారు. పొద్దున ఆమె గడప మీద చేతులుంచి పడివుంది. (అప్పటికే చనిపోయిందని గ్రీకు అనువాదం చేర్చింది, హీబ్రూ మూలం అక్కడ ఆ మాట అనదు.) అతడామెను పన్నెండు ముక్కలు చేసి దేశమంతటా పంపాడు. గ్రంథం లెక్కన 4 లక్షలమంది మిస్పాలో కూడారు.

ఆమెను పట్టుకుని బయటికి నెట్టినవాడు లేవీయుడే. సభలో ఆ సంగతి మింగేశాడు. తనను చంపబోయారని మొదలుపెట్టాడు. ఏ పెద్దా నిలదీయలేదు. ఆమెకు గ్రంథంలో పేరైనా లేదు.

దోషుల్ని అప్పగించమన్నారు, ఆ కోరిక న్యాయమైనదే. బెన్యామీనీయులు వినలేదు. యుద్ధంలో వాళ్ల ఆడవాళ్లంతా హతులయ్యారు, 600 మంది మగవాళ్లు మిగిలారు. వీళ్లకు పిల్లనివ్వబోమని తక్కిన గోత్రాలు అప్పటికే ఒట్టుపెట్టుకున్నాయి. ఒట్టు తప్పకూడదు, గోత్రం నశించకూడదు! సభకు రాలేదన్న నెపంతో యాబేష్గిలాదును నరికి 400 మంది కన్యల్ని తెచ్చారు. చాలకపోతే, షిలోహు పండుగలో నాట్యమాడే అమ్మాయిల్ని ద్రాక్షతోటల్లో పొంచి ఎత్తుకుపొమ్మన్నదీ ఆ పెద్దలే. ఉపపత్ని ఒక మగవాడి సొత్తు గనకనే ఆ ఆగ్రహం అంత తేలిగ్గా ఆడవాళ్ల పంపకంగా మారిందని నా అభిప్రాయం.

రాజు లేని రోజులు గనక ఇలా జరిగిందని సంకలనకర్త సర్దిచెబుతాడు. తర్వాత రాజులు వచ్చారు. అహాబు కాలంలో, నాబోతు ద్రాక్షతోట కోసం యెజెబెలు రాజముద్ర వేసి పంపిన ఉత్తరం అందుకుని, అబద్ధ సాక్షులను నిలబెట్టి, అతణ్ణి రాళ్లతో కొట్టించి చంపించింది ఆ ఊరి పెద్దలే.