విభాగము, ఖండనము: కమతముల ఏకీకరణ చరిత్రము

విభాగమనగా ముక్కలు చేయుట యని లోకమున వాడుక. శాస్త్రమున నట్లు కాదు. కల్యాణమున ఆఱవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. 13వ శతాబ్దమున కేతన దాని నాధారముగా గొని విజ్ఞానేశ్వరీయమును తెనుగున వెలయించెను. ద్రవ్యసముదాయమునందు అనేకులకు గల స్వామ్యమును ఆ సముదాయముయొక్క ఏకదేశములందు వేర్వేరుగ నిలుపుటయే విభాగమని మితాక్షరాకారుని నిర్ణయము. సముదాయములోని ప్రతివస్తువును ఖండింపవలెనని యిందు లేదు.

అయినను గ్రామములందు వేఱొక యాచారము ప్రబలెను. తండ్రికి బావిక్రింది భూమి, రేగడి, చెలక యని మూడు చేలుండి కొడుకులు నలుగురైనచో, ప్రతిచేనును నాలుగు చెక్కలై మొత్తము పండ్రెండగును. ఇది మూఢత్వము కాదు. మంచినేలను చెడ్డనేలను సమముగ పంచుకొనవలెనను న్యాయబుద్ధియే దీనికి మూలము. కాని గట్లక్రింద నేల పోవును. చెక్కనుండి చెక్కకు అరక తోలుటలో ప్రొద్దు పోవును. చిన్నచెక్కలో బావి త్రవ్వుటకు ఎవ్వడును సాహసింపడు.

కమతము చిన్నదగుట వేఱు, చెదరుట వేఱు. పూనాకు సమీపమున నున్న పింప్లా సౌదాగర్ గ్రామమును గూర్చి హెరాల్డు మాన్ 1917లో ప్రకటించిన గ్రంథమునుబట్టి, అచ్చట సగటు కమతము 1771లో 40 ఎకరములు, 1818లో 17½, 1914–15లో 7. ఈ క్షయమును ఏకీకరణము మాన్పజాలదు. చెదరుటను మాత్రమే మాన్పగలదు.

ఆ ప్రయత్నము పంజాబున 1920 ప్రాంతమున సహకారసంఘముల మూలమున ఆరంభమయ్యెను. సంఘముల రిజిస్ట్రారగు కాల్వర్టు దీనికి పూనుకొనెను. రైతులు తమ చెక్కలను ఒకచోట చేర్చి, నేల గుణమునుబట్టి వెలకట్టి, సమానమైన వెలగల భూమిని ఒక్కచోట మరల పొందుచుండిరి. అందఱి సమ్మతియు ఆవశ్యకమగుటచే ఒక్కని నిరాకరణముచే గ్రామమంతటి శ్రమయు వ్యర్థమగుచుండెను. అందుచే 1928లో మధ్యపరగణాలందును, 1936లో పంజాబునందును అధికసంఖ్యాకుల సమ్మతి తక్కినవారిని బద్ధులను జేయునట్లు శాసనములు పుట్టెను. 1948 నాటి తూర్పు పంజాబు శాసనము ప్రభుత్వము తనంతటనే ఏకీకరణమునకు పూనుకొనుట కధికార మొసగెను. హైదరాబాదు రాజ్యమునను 1956లో ఇట్టి శాసనము వెలువడెను.

ఇట్లు సమ్మతి క్రమముగ ఆజ్ఞగా మాఱెను. ఆజ్ఞ బలపడినకొలది వెలకట్టువాని భారము హెచ్చును. ఏలయన పూర్వము అన్యాయమును నిరాకరించుటకు రైతునకు గల శక్తి అతనినుండి తొలగినది. స్వామ్యము చెడక స్థానము మాత్రమే మాఱినచో, ఏకీకరణము మితాక్షరోక్తమగు విభాగమునకు విరోధి కాదు. వెలయందు సమత తప్పినచో అది విభాగమును గాదు, ఏకీకరణమును గాదు, అపహరణమే.