కథోలిక హైస్కూళ్ళలో నాటి విద్యార్థి జీవితం: తెలుగుకు దక్కిన చోటు

పాత హైస్కూళ్ళ చరిత్ర రాసేటప్పుడు సాధారణంగా భవనం ఎప్పుడు కట్టారు, ప్రధానోపాధ్యాయులు ఎవరెవరు, పెద్దవాళ్ళయిన విద్యార్థులు ఎవరు అన్న విషయాలకే ప్రాధాన్యం దొరుకుతుంది. ఆ బడిలో పిల్లవాడు రోజంతా ఏ భాషలో బతికాడన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వెలుపల తెలుగు చదువుకుంటున్న విద్యార్థులకు ఇది కేవలం పాతకాలపు ముచ్చట కాదు. తాతల తరంలో తెలుగు ఎందుకు నిలిచిందో, తండ్రుల తరంలో ఎందుకు సన్నగిల్లిందో తెలుసుకోవాలంటే బడి దినచర్యను పరిశీలించక తప్పదు. అందుకు విశాఖపట్నం కథోలిక మిషన్‌ను మేము ఉదాహరణగా తీసుకుంటున్నాము. ఈ మిషన్ పరిధి ఒకప్పుడు కోస్తా తెలుగు జిల్లాలతో ఆగక, నేటి ఒడిశా, మహారాష్ట్రలలోకి కూడా వ్యాపించి ఉండటమే అందుకు కారణం.

సవాయ్ ప్రాంతంలోని ఆనెసీ పట్టణం నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. మరుసటి ఏడు, 1847లో, నేడు సెయింట్ అలోషియస్ పాఠశాలగా ప్రసిద్ధమైన బడి మొదలైంది. 1849లో అదే ఆనెసీ నుంచి సెయింట్ జోసఫ్ సభ సోదరీమణులు ఆడపిల్లల చదువు కోసం ఈ మిషన్‌కు వచ్చారు. నాగపూరులో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పాఠశాల 1870లో ఏర్పడింది. 1887లో నాగపూరు వేరే పీఠం అయ్యేదాకా ఆ ప్రాంతం విశాఖ మేత్రాణుల అధికారం కిందే ఉండేది.

ఇక్కడ ఒక విషయం గమనించదగ్గది. ఈ గురువులకు ఇంగ్లీషు మాతృభాష కాదు. వారి భాష ఫ్రెంచి. 1860లో ఫ్రాన్సులో కలిసేదాకా వారి సవాయ్ సార్డీనియా రాజ్యంలో భాగం. అంటే తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన ఆ తొలి ఉపాధ్యాయులు కూడా ఇంగ్లీషును నేర్చుకుని వచ్చినవారే. నాటి బడిలో ఇంగ్లీషు పాలకుల భాష, పరీక్షల భాష, ఉద్యోగాల భాష. బోధించేవారికీ వినేవారికీ కూడా అది ఇంటి భాష కాదు.

ఇక విద్యార్థి దినచర్య చూద్దాం. బడి గంటతో నడిచేది. క్రైస్తవ కుటుంబాల పిల్లలకు, ముఖ్యంగా బోర్డింగులో ఉండేవారికి, పొద్దున్నే దేవాలయంలో పూజ. ఆ పూజ లాటిన్‌లో జరిగేది. పీఠం దగ్గర గురువుకు సాయపడే బాలురు లాటిన్ జవాబులను అర్థం తెలియకపోయినా కంఠతా పట్టి అప్పజెప్పేవారు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఆరాధన సంస్కరణ పత్రాన్ని ఆమోదించిన తరువాతే పూజ క్రమంగా ప్రజల భాషల్లోకి మారింది. తరగతి గదిలో లెక్కలు, చరిత్ర, భూగోళం, సామాన్య శాస్త్రం పై ఫారాలలో ఇంగ్లీషులోనే సాగేవి. మొదటి ఫారం అంటే నేటి ఆరవ తరగతి, ఆరవ ఫారం అంటే పదకొండు. మధ్యాహ్నం ఆటస్థలంలో తెలుగు. సాయంత్రం బోర్డింగులో జపమాల చెప్పుకునేటప్పుడు మళ్ళీ తెలుగు. క్రైస్తవ పిల్లలకు సత్యోపదేశం చెప్పే గంటలో ఇతర పిల్లలకు నీతిబోధ తరగతి నడిపే పద్ధతి కథోలిక బళ్ళలో విస్తారంగా ఉండేది.

ఈ విధంగా ఒక్క రోజులో పిల్లవాడు మూడు భాషలు దాటేవాడు. తెలుగు నేలకు వెలుపల ఉన్న బడిలో అయితే ఊరి భాష కూడా చేరి నాలుగయ్యేవి. ఏ భాష ఎక్కడ మాట్లాడాలో చెప్పేది గంటే. తరగతి వేళల్లో ఇంటి భాష మాట్లాడితే జరిమానా వేయడం, బెత్తంతో కొట్టడం ఇంగ్లీషు మీడియం బళ్ళలో చాలాచోట్ల ఉన్న ఆచారం. అది కథోలిక బళ్ళకే పరిమితమైనది కాదు.

ఆ బళ్ళ హాజరుపట్టీ భాషాశాస్త్ర విద్యార్థికి పెద్ద పాఠం. తెలుగు కథోలికుల పేర్లలో రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు, శౌరి అంటే జేవియర్, ఇన్నయ్య లేదా ఇన్నాసి అంటే ఇగ్నేషియస్. జ్ఞానప్రకాశం అంటే అలోషియస్. విశాఖ బడికి పేరు ఇచ్చిన పునీతుడు ఈయనే. ప్లేగు రోగులకు సేవ చేస్తూ 1591లో రోములో, ఇరవై మూడేళ్ళ వయసులో కన్నుమూసి విద్యార్థుల పాలక పునీతుడయ్యాడు. ఈ పేర్లలో పలు రూపాలు తమిళ మిషన్ల మీదుగా తెలుగులోకి వచ్చినవి. ఇంట్లో రాయప్ప అయిన పిల్లవాడు బడి పట్టీలో పీటర్ కావచ్చు. జపాల భాష కూడా ఇలాంటిదే. పరలోక జపం, మంగళవార్త జపం, సత్ప్రసాదం, జ్ఞానస్నానం, విచారణ, మేత్రాణులు వంటి మాటలు తెలుగు కథోలికుల సొత్తు. ప్రొటెస్టెంటు తెలుగులో జ్ఞానస్నానాన్ని బాప్తిస్మం అంటారు, జపానికి ప్రార్థన అన్న మాటే ఎక్కువ వాడుక. ఒకే మతంలోని రెండు శాఖలకు ఒకే భాషలో రెండు పదకోశాలు ఏర్పడ్డాయన్నమాట. ఈ తెలుగు జపాల ద్వారా, పాటల ద్వారా పిల్లలకు వచ్చింది. పరీక్షలో దీనికి మార్కులు లేవు.

పరీక్షలో మార్కులు ఉన్న తెలుగు వేరు. దానిని చెప్పినవారు తెలుగు పండితులు. నాటి హైస్కూళ్ళలో పండితుడి జీతం ఇతర ఉపాధ్యాయుల జీతం కంటే తక్కువ, హోదా కూడా తక్కువే. ఆయన గంటలో పిల్లలు అల్లరి చేయడం, ఆయనను కథల్లో హాస్యపాత్రగా చేయడం అందరికీ తెలిసిన సంగతే. అయినా పద్యం నోటికి రావడానికీ, సంధులు విడదీయడానికీ, ఒక విషయం మీద పుటెడు తెలుగు రాయడానికీ ఆ ఒక్క గంటే ఆధారం.

1911 నాటికి మద్రాసు రాజధానిలో మెట్రిక్యులేషన్ స్థానంలో ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి వచ్చింది. దేశభాషలో వ్యాసరచన దానిలో భాగమైంది. ఆ వ్యాసం గ్రాంథికంలో రాయాలా, వాడుక భాషలో రాయాలా అన్న వివాదం అప్పుడే ముదిరింది. గిడుగు రామమూర్తి వాడుక భాష పక్షాన 1913లో ఆధునిక తెలుగుపై తన ఇంగ్లీషు విజ్ఞాపన పత్రం ప్రకటించారు. ఆయన చాలా ఏళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేసిన పర్లాకిమిడి నేడు ఒడిశాలో ఉంది. తెలుగు భాషా చరిత్రలో అంత పెద్ద మలుపునకు నాంది పలికినది తెలుగు నేల అంచున ఉన్న ఒక ఊరి బడిపంతులు. ఆ వాదానికి ప్రేరణ పిల్లవాడి పరీక్ష కాగితం. ఈ రెండు సంగతులనూ మన విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఇంటి భాష ఒకటి, ఊరి భాష మరొకటి అయిన పిల్లలు నాడు కూడా ఉన్నారు. సి.వి. రామన్ తిరుచ్చిలో పుట్టిన తమిళ కుటుంబపు బిడ్డ. తండ్రి 1892లో విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడుగా చేరడంతో ఆయన బాల్యం తెలుగు ఊరిలో గడిచింది. సెయింట్ అలోషియస్‌లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. 1930లో నోబెల్ బహుమతి పొందిన ఆ శాస్త్రవేత్త చిన్ననాడు ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు నడుమ పెరిగాడు. చెన్నైలోనో బెంగుళూరులోనో ఉన్న మన పిల్లల పరిస్థితికి ఇది అద్దంలో కనిపించే బొమ్మ వంటిది. అయితే ఒక తేడా ఉంది. ఆయన ఆ తరువాత చదువుకు మద్రాసు వెళ్ళాడు, అక్కడ ఊరి భాష ఇంటి భాష ఒకటే. మన పిల్లల్లో చాలామందికి అటువంటి తిరుగు ప్రయాణం ఉండదు. పుట్టినది అక్కడే, చదివేది అక్కడే, బతికేది అక్కడే.

బరంపురం సంగతి తీసుకుందాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉంది. అప్పటిదాకా అక్కడి తెలుగు విద్యార్థి విశాఖ విద్యార్థి రాసిన పరీక్షే రాశాడు. ఆ తరువాత ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు, బడి మాత్రం మరొక రాష్ట్రపు విద్యాశాఖ కిందికి వెళ్ళింది. నాగపూరు పక్కనున్న కాంప్టీ దండులో మద్రాసు సైన్యం ఉండేది కనుక తెలుగు, తమిళ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ ప్రాంతం మద్రాసు విద్యాశాఖ పరిధిలోది కాదు, తెలుగు అక్కడ జిల్లా భాష కాదు. బెంగుళూరు దండు ప్రాంతంలోనూ తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. ఆ ఊళ్ళో 1858లో మొదలైన సెయింట్ జోసఫ్ పాఠశాలల వంటి కథోలిక విద్యాసంస్థలు ఇంగ్లీషు చదువుకు పేరుపొందాయి. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. అక్కడ పాలనలో, చదువులో ఇంగ్లీషుకు బదులు ఫ్రెంచి ఉండేది.

ఈ ఊళ్ళన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచేది ఇది. తెలుగు నిలవడానికి ఇంట్లో మాట్లాడటం ఒక్కటే చాలలేదు. దానికి బడిలో రాతపని దొరికిన చోట చదవగల, రాయగల తరం మిగిలింది. ఆటస్థలానికి, వంటింటికి పరిమితమైన చోట మాట మిగిలింది గాని లిపి పోయింది. మూడో తరానికి మాట కూడా పలచబడింది.

ఇంట్లో రోజూ మాట్లాడుకుంటే చాలదా, బడిలో పేపరు ఎందుకు అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ఇంటి మాట విలువను మేము తక్కువ చేయడం లేదు. కాని ఇంటి తెలుగుకు ఇంటి పనులకు సరిపడే మాటలే ఉంటాయి. ఒక వాదం నిలబెట్టడానికి, ఒక అర్జీ రాయడానికి, తాతగారి ఉత్తరం చదవడానికి కావలసిన తెలుగు బడి నుంచే రావాలి. తప్పంతా మిషన్ బడిదే అనడం కూడా సరికాదు. ప్రభుత్వ గ్రాంటు, పరీక్ష నిబంధన, ఉద్యోగం కోరే తండ్రి అభిలాష, ఈ మూడూ కలిసి ఇంగ్లీషును నడిపించాయి. ఊళ్ళల్లో ఉపదేశం చెప్పవలసిన గురువులు స్వయంగా తెలుగు నేర్చుకున్నారు.

స్వాతంత్ర్యం తరువాత చట్టం మారింది. రాజ్యాంగం 337వ అధికరణం ప్రకారం ఆంగ్లో ఇండియన్ పాఠశాలలు ప్రత్యేక గ్రాంటు పొందాలంటే ఏటా కనీసం 40 శాతం సీట్లు ఇతరులకు అందుబాటులో ఉంచవలసి ఉండేది. 1954లో బొంబాయి ప్రభుత్వం ఇంగ్లీషు మీడియం తరగతుల్లో ఆంగ్లో ఇండియన్లు, ఆసియేతర సంతతివారు తప్ప ఇతరులను చేర్చుకోరాదని ఉత్తర్వు ఇస్తే, అదే సంవత్సరం సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ విధంగా ఇంగ్లీషు బడి తలుపు అందరికీ తెరుచుకుంది. 1956లో చేర్చిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రాల మీద పెట్టింది. ఈ రెండో తలుపు తట్టినవారు తక్కువ. 2006లో తమిళనాడు తమిళాన్ని బళ్ళలో నిర్బంధ పాఠ్యాంశం చేస్తూ చట్టం తెచ్చినప్పుడు భాషా అల్పసంఖ్యాకులు మినహాయింపుల కోసం న్యాయస్థానాలకు వెళ్ళవలసి వచ్చింది. ఊరి భాష నేర్చుకోవడం బాధ్యతే. దానితోపాటు తెలుగుకు ఒక గంట అడగడం హక్కు.

మన విద్యార్థులు చేయగలిగినవి రెండు ఉన్నాయి. తమ్ముళ్ళను, చెల్లెళ్ళను బడిలో చేర్చేటప్పుడు తెలుగు పేపరు ఉందా అని అడగడం మొదటిది. అడిగేవారు లేకపోతే ఉన్న పండితుడి ఉద్యోగం కూడా ఆయన విరమణతో ముగిసిపోతుంది. ఇంట్లో పెద్దల ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాలు, మార్కుల పట్టీలు ఉంటే వాటిని భద్రపరచి, ద్వితీయ భాష అన్న చోట ఏమి రాసి ఉందో చూడటం రెండవది. తాతగారి పుస్తకంలో తెలుగు అని ఉండి, తండ్రిగారి పుస్తకంలో మరొక పేరు ఉంటే, ఆ మార్పు ఏ సంవత్సరంలో, ఏ కారణంగా జరిగిందో పెద్దలను అడిగి రాసిపెట్టుకోవాలి. మన సముదాయాల భాషాచరిత్రకు అంతకు మించిన ఆధారాలు ఎక్కువ లేవు. పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.