తోప్ కా సాంచా నుండి వైకల్య పింఛను వరకు

ఆబిడ్స్ చెంతనున్న గన్‌ఫౌండ్రీకి ఆ పేరు, 18వ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కొరకు నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం వలన వచ్చింది. జనులు దానిని 'తోప్ కా సాంచా' అన్నారు. 1798 మార్చిలో రేమండ్ మరణించాడు. అక్టోబరులో ఆంగ్లేయులు అతని దళాన్ని నిరాయుధం చేసి రద్దుపరచారు. రేమండ్‌కు నగరంలో సమాధి ఉన్నది. ఫిరంగి మోతకు వినికిడి పోగొట్టుకొన్న సిపాయికి ఏమి దక్కిందో ఆ వీధి చెప్పదు.

నేటి సైనికునికి వైకల్య పింఛను ఉన్నది. గాయమైతే కంటికి కనబడుతుంది, చిక్కంతా వ్యాధితోనే. అది కొలువు వలన కలిగినదా, దేహంలో ముందే ఉన్నదా? 1985లో చేరిన ఒక సిపాయిని మూర్ఛవ్యాధి కారణంగా 1994లో ఇంటికి పంపారు. వైద్య మండలి 20 శాతం వైకల్యమని లెక్కగట్టి, కొలువుతో సంబంధం లేదని వ్రాసింది. పింఛను రాలేదు.

అదే ధరంవీర్ సింగ్ కేసు. చేరేనాటి పరీక్షలో నమోదుకాని వ్యాధి కొలువు వలన కలిగినదనే భావించాలనీ, కాదని నిరూపించవలసింది ప్రభుత్వమేననీ 2013 జూలై 2న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కారణం చూపని మండలి అభిప్రాయాన్ని త్రోసిపుచ్చింది. వైద్యుడిగా నన్ను ఆలోచింపజేసినది ఈ చివరి అంశమే. 'సంబంధం లేదు' అని వ్రాయడానికి మాకు క్షణం చాలు.

2023 సెప్టెంబరు 21 నుండి నియమాలు మారాయి. అందుచేత విడుదలైన తేదీని, మండలి నివేదిక ప్రతిని ముందుగా చూసుకోవాలి.